దౌరా బండి చక్రాల కొలత

ఈ మధ్య మెకానిక్ పని నేర్చుకున్నవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. దూరం తిరిగే మోటారు సైకిలుకు ముందు చక్రం ఎంత సైజు వెయ్యాలి, వెనక ఎంత వెయ్యాలి? రెండంకెలు చెబితే అరచేతి మీద రాసుకుని పోదామని వాళ్ళ తొందర. నేను చెప్పను. ముసలోడికి పొగరు తగ్గలేదని బయటికెళ్ళి అనుకుంటారు. అనుకోనీ, నాకేం పోయింది. ఆ అంకెలు నాకంటే బాగా ఎవరికీ తెలియవనే ధీమాతోనే నేను ఒక మంచి మనిషి కాలు విరగ్గొట్టాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఓపిక ఉంటే చదవండి, లేదంటే ఏ షాపులోనో అడిగి రెండంకెలు రాసుకుని పొండి.

మాది రామన్నపేట దగ్గర మగ్గం ఇల్లు. బాపు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఇంట్లో తినేవాళ్ళం ఆరుగురం, మగ్గం ఒక్కటి. అందుకని నన్ను నల్లగొండకు పంపారు. అక్కడ మహబూబ్ ఉస్తాద్ అనే ఆయన సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు బాగు చేసేవాడు. నేను ఆయన దగ్గర చేరింది యాభైల మొదట్లో. మొదట సైకిళ్ళు, తరవాత మోటారు సైకిళ్ళు, ఆ తరవాత ఒక్క చక్రాల పనే. రిమ్ములో పుల్లలు, అంటే స్పోకులు, అల్లడం, బెండు తీయడం, ఏ బండికి ఏ సైజు కావాలో చూసి కొత్త చక్రం కట్టడం. పుల్లను వేలితో మీటితే దాని బిగువు తెలుస్తుంది. పడుగు మీటి బిగువు చూసే బాపు కొడుకుని కాబట్టి నాకు ఆ పని తొందరగా పట్టుబడింది. "మా నర్సయ్య సాలోళ్ళ పిల్లగాడు. పోగులల్లినట్టు పుల్లలల్లుతడు" అని ఉస్తాద్ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆ మెప్పు నాకు తలకెక్కింది కూడా.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా దౌరా బండ్లు. సర్కారు పని మీద ఊళ్ళు తిరగడాన్ని మా దగ్గర దౌరా అంటారు. మీరిప్పుడు టూరింగ్ అని సరదాకు పోతున్నారు, వాళ్ళు నౌకరీ నిలబెట్టుకోవడానికి పోయేవాళ్ళు. కట్టంగూరు పక్క సడక్ మీద ఉన్నంతసేపు బండి సుఖంగానే పోతుంది. సడక్ దిగితే ఎడ్లబండ్ల బాట, ఆ బాట అయిపోతే రాళ్ళు. దేవరకొండ దాటి అచ్చంపేట దిక్కు పోతే ఇక చెప్పనక్కరలేదు. వెనక క్యారియరు మీద పరుపు చుట్ట, కాగితాల పెట్టె, రెండు గిన్నెలు. ఆ బరువుతో, ఆ బాటలో, ఒక్కడే పోయి ఒక్కడే రావాలి.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

సైకిలు టైరు మీద ఇరవై ఎనిమిది అని ఉంటే అది టైరు బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలత. మోటారు సైకిలు టైరు మీద పంతొమ్మిది అని ఉంటే అది లోపలి రిమ్ము కొలత, టైరు మందం వేరే. ఇది నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక పొట్టి పోలీసు అమీను సీటు ఎత్తుగా ఉందని, జర కిందికి చేయమని బండి ఇచ్చి పోయాడు. వెనక పంతొమ్మిది తీసేసి పద్దెనిమిది కట్టాను. చేతికి దొరికిన టైరు నాలుగంగుళాల లావుది. ఎక్కించి చూస్తే సీటు దిగలేదు సరికదా, ఇంకాస్త లేచింది. ఉస్తాద్ నోట్లో పాన్ ఉమ్మేసి మరీ నవ్వాడు.

"అరే నర్సయ్యా, కిందికి చెయ్యిమంటె అమీన్ సాబ్‌ను ఆస్మాన్‌కు ఎక్కిచ్చినవేందిర!"

నవ్వడం అయ్యాక కూర్చోబెట్టి చెప్పాడు. ముందు చక్రం పెద్దదైతే రాయి మీదికి సులువుగా ఎక్కుతుంది. వెనక చక్రం చిన్నదైతే సీటు దిగుతుంది, గడ్డ ఎక్కేటప్పుడు బండి బాగా లాగుతుంది, కాని సడక్ మీద ఇంజను ఊరికే మొత్తుకుంటుంది. ముందుది అట్లాగే ఉంచి వెనకది మరీ తగ్గిస్తే హ్యాండిల్ బరువెక్కి, తిప్పినంత తొందరగా తిరగదు. సరే అని రెండూ తగ్గిస్తే ఇంజను కడుపు నేలకు దగ్గరవుతుంది. ఒకచోట దించినది ఇంకోచోట మన మీదికి వస్తుంది. అందుకని అవసరమైనంతే దించాలి, దారప్పోగంత కూడా ఎక్కువ దించొద్దు. ఆయన బడికి పోయినవాడు కాదు. అయినా ఇంత సూటిగా చెప్పినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

తెలిసిన తరవాత కూడా తప్పులు చేశాను. హాలియా దిక్కు సాగర్ కాలువలు తవ్వుతున్నప్పుడు ఒక ఇంజనీరు వచ్చాడు. రేగడి మట్టిలో బండి దిగబడుతోంది, ముందు చక్రానికి లావు టైరు వెయ్యమన్నాడు. టైరుకు మడ్‌గార్డుకు మధ్య సందు చాలదని, తడి రేగడి అందులో ఇరుక్కుంటుందని నాకు తెలుసు. పెద్ద నౌకరి ఆయన, ఏం ఎదురు చెబుతామని వేసి పంపాను. మొదటి వానకే మట్టి ఇరుక్కుని చక్రం బిగుసుకుపోయింది, ఆయన కాలువ గట్టు మీద పడ్డాడు. మర్నాడు మోకాళ్ళ దాకా బురద ఉన్న బూట్లతో నేరుగా నేను పని చేసే చోటికి వచ్చి నిలబడి చెడామడా తిట్టాడు. "సాబ్, తప్పైంది సాబ్" అంటూ ఉన్నాను. ఆయన పోయాక గదంతా నేనే కడిగాను. తెలిసిన మాట చెప్పకపోవడం మర్యాద కాదు, పిరికితనం. ఇది నాకప్పుడే అర్థమైందని అనుకున్నాను.

దేవదానం

అరవైల మధ్యలో దేవదానం వచ్చాడు. ఆయనది కట్టంగూరు దగ్గరి పల్లె. వాళ్ళ నాయిన ఊరికి చెప్పులు, బావి మోటలకు తోలు తొండాలు కుట్టేవాడు. దేవదానం మిషన్ బడిలో చదువుకుని మశూచికి టీకాలు వేసే ఇన్‌స్పెక్టరయ్యాడు. వాళ్ళ వాడలో సర్కారు నౌకరి వచ్చిన మొదటి మనిషి ఆయనే. పాతికేళ్ళుంటాయి. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, కుడికాలి కంటే అంగుళమున్నర పొట్టి.

ఆయనకు ఇచ్చిన దౌరా బండి ఎత్తుగా ఉండేది. ఆపినప్పుడు ఎడమ పాదం నేలకు సరిగ్గా ఆనేది కాదు. చదును నేల మీద కుడికాలితో నెట్టుకొచ్చేవాడు కాని, రాళ్ళలో బండి ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కనే కాలు పెట్టాలి గదా. హెల్త్ ఆఫీసరు బంగళా ముందే రెండు సార్లు ఎడమ పక్కకు పడ్డాడట. ఆఫీసరు నెల రోజులు గడువిచ్చాడు. ఆ లోపల బండి లొంగితే దౌరా నౌకరి ఉంటుంది. లేకపోతే బండి ఇంకొకరికి పోతుంది, ఈయన ఆఫీసులో రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చోవాలి.

"ఆఫీసుల నీడపట్టున కూసుంటె తప్పేంది? గా ఎండల, గా రాళ్ళల్ల తిరుగుడు ఎందుకు నీకు?" అన్నాను.

 ఆయన మెల్లగా చెప్పాడు.

"అన్నా, నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు మా చెల్లెకు తల్లి వోసింది, గదే మశూచి. అంతకు ముందే ఊళ్ళెకు టీకలాయన ఒకసారి వచ్చిండు. పటేల్ ఇంటి ముంగట కూసొని పొడిచిండు. మా వాడకు రాలె. పొద్దు పోతాంది, బస్సు అందదన్నడు, పోయిండు. మంచోడే గావచ్చు ఆయన, నేను తిడ్తలేను. కాని రాలె. చెల్లె దక్కలె." ఆగి, బండి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. "నేను పోతనన్నా. ఏ ఊరికి పోయినా ఆఖరి ఇంటిదాక పోత. నాకు బండి జర సదిరిచ్చియ్యి. గంతే."

 ఈ మనిషికి బండి సరిచేసి ఇవ్వకపోతే నా పనికి అర్థమే లేదనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కాబట్టి నా మనసు మంచిదే, కొలతే తప్పిందని మీరు నన్ను వెనకేసుకురావచ్చు. అట్లా రాకండి.

కొలిచిన రోజు

మా షాపు ఒక నేతవాళ్ళ ఇంటి ముందు గదిలో ఉండేది. వెనక గదిలో వాళ్ళ మగ్గం ఆడుతుండేది. మగ్గం దగ్గరికి చెప్పులతో పోకూడదు. ముందు గదికి ఆ నియమం ఏమీ లేదు, అక్కడంతా నూనె, మసి, ఇనుప ముక్కలు. మేమే అందులో చెప్పులతో తిరిగేవాళ్ళం.

అది శుక్రవారం, ఉస్తాద్ నమాజుకు పోయాడు. దేవదానం గడప దగ్గర ఆగి, బూట్లు విడిచి, గోడ పట్టుకుని కుంటుతూ లోపలికి వచ్చాడు. మర్యాద తెలిసినవాడు అనుకున్నాను. బండి స్టాండు తీసి పట్టుకుని, "దేవదానం, ఎక్కి నిటారుగ కూసో" అన్నాను. కూర్చున్నాడు. ఎడమ పాదం కింద కొలకట్టె నిలబెట్టి చూశాను. మడమకు నేలకు మధ్య రెండంగుళాల పైన సందు. కట్టె మీద సుద్దతో గీత పెట్టుకున్నాను. వెనక గదిలో మగ్గం ఆడుతోంది. ఆయన దిగి, మళ్ళీ గోడ పట్టుకుని పోయి బూట్లు వేసుకున్నాడు. కొలత పది నిమిషాల్లో అయిపోయింది.

రెండంగుళాలు దించడమంటే మాటలు కాదు. వెనక పంతొమ్మిది తీసి పదహారు కట్టాను. వెనకొక్కటే అంత దిగితే హ్యాండిల్ బరువవుతుందని ముందు కూడా పద్దెనిమిదికి తెచ్చాను. అయినా చాలక సీటు కింద పొట్టి స్ప్రింగులు వేశాను. ఆ రెండు చక్రాలు ఎంత బాగా కుదిరాయంటే, తిప్పి వదిలితే వెంట్రుకంత బెండు కూడా కనబడలేదు. ఉస్తాద్ వచ్చి చూసి, "కడుపు కిందికొచ్చింది నర్సయ్యా, రాళ్ళల్ల పోయే బండి" అన్నాడు. "కాలు అందాలె గద ఉస్తాద్" అన్నాను. కొలిచింది నేను కాబట్టి ఆయన ఆ మాట నమ్మాడు.

బండి తీసుకుపోయేటప్పుడు దేవదానం వీధిలో బూట్లతోనే ఎక్కాడు. మోకాళ్ళు కొంచెం పైకి లేచినట్టు కనబడ్డాయి. "మంచిగున్నదా?" అని అడిగాను. "మంచిగున్నదన్నా" అన్నాడు. నా కళ్ళు తిరుగుతున్న చక్రం మీద ఉన్నాయి, మనిషి మీద లేవు.

తిరిగి వచ్చిన బండి

ఇరవై రోజులు బాగానే తిరిగాడు. తరవాత దేవరకొండ అవతల ఒక తండాకు పోతూ వాగు దాటుతున్నాడు. నీళ్ళు లేవు, రాళ్ళే. ముందు చక్రం ఒక బండరాయి ఎక్కి దిగింది. ఇంజను కడుపు ఆ రాయి మీద కూర్చుంది. బండి అక్కడికక్కడ ఆగి కుడి పక్కకు పడింది. బండి కింద పడింది ఆయన మంచి కాలు. మోకాలి కింద ఎముక విరిగింది. మేకలు కాసేవాళ్ళు కేక విని వచ్చేదాకా ఎండలో అట్లాగే ఉన్నాడు. టీకా మందు పెట్టుకున్న పెట్టె పగిలి మంచు కరిగిపోయింది. తండాకు ఆ రోజు టీకా అందలేదు.

మంచం మీద మోసి, ఆ తరవాత బస్సులో వేసి నల్లగొండ దవాఖానకు తెచ్చారు. ఆఫీసరు వచ్చి చూసి, అందరూ వింటుండగానే అన్నాడట, "కాలు లేనోనికి బండి ఇచ్చుడు నాదే గల్తీ. లేచినంక ఆఫీసుల కూసోవెట్టున్రి" అని.

బండిని బాగు చేయడానికి మా దగ్గరికే తెచ్చారు. పడుకోబెట్టి కింద చూశాను. ఇంజను అడుగున సొట్ట, రాయి గీసుకుపోయిన గుర్తు. పంతొమ్మిది చక్రాల మీద ఉన్న బండి అయితే ఆ రాయి మీది నుంచి దాటిపోయేది. ఆ మేకలు కాసేవాళ్ళు ఎవరో పుణ్యాత్ములు, ఆయన ఎడమ బూటు ఊడిపోతే క్యారియరుకు తాడుతో కట్టి పంపారు. విప్పి చేతిలోకి తీసుకున్నాను. వాళ్ళ నాయిన కుట్టినది. తోలు పొర మీద పొర వేసి, అంచులు చెక్కి, దారం ఎక్కడా కనబడకుండా కుట్టాడు. నాకు మంచి పని చూస్తే తెలుస్తుంది. ఆ బూటు అడుగు మందం చూడగానే కొలకట్టె తెచ్చి పక్కన పెట్టాను. సరిగ్గా అంగుళమున్నర.

ఆయన బండి తొక్కేది ఆ బూటుతో. నేను కొలిచింది ఉత్త పాదం. బూటుతో కొలిస్తే ఆ సందు అరంగుళం. వెనక పద్దెనిమిది వేసి, సన్నపు టైరు వేస్తే చాలు. ముందు చక్రం ముట్టుకునే పనే లేదు.

ఉస్తాద్ నా వెనకే నిలబడి ఉన్నాడు. నేను చెప్పకముందే ఆయనకు అర్థమైంది.

"బూట్లు లేకుంట కొలిసినవా?"

"ఇడిసొచ్చిండు ఉస్తాద్."

"ఎందుకిడిసిండు?"

"ఎనుక మగ్గముంది గద. మర్యాదకు."

ఉస్తాద్ అంతటితో వదల్లేదు. "మొన్న ఇంజనీరు సాబ్ ఇడిసిండా?"

 ఆయనే మళ్ళీ అన్నాడు, "ఇంజనీరు బురద బూట్లతోని వస్తె నువ్వు కడిగినవ్. గీయన ఇడిసి వస్తె నీకు మంచిగనిపిచ్చింది. గందుకే కనబడలె."

నలభై ఏళ్ళ పనిలో నన్ను చాలామంది తిట్టారు. ఏ తిట్టూ ఇంత లోపలికి పోలేదు. నిజం చెప్పాలంటే ఆయన గడప దగ్గర బూట్లు విడవడం నాకు వింతగా కూడా అనిపించలేదు. వాళ్ళ నాయినలాంటివాళ్ళు మా ఊరి ఇళ్ళ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాళ్ళు. నేను చిన్నప్పటి నుంచి చూసిందే. ఇంజనీరును సాబ్ అన్నాను, మీరు అన్నాను. ఇన్‌స్పెక్టరు నౌకరి చేసే ఈయనను పేరు పెట్టి పిలిచాను. మాకంటే పైవాళ్ళు మమ్మల్ని ఎట్లా చూశారో చెప్పుకుని మా బాపు రోజూ ఏడ్చేవాడు. అదే నేను ఇంకొకరికి చేస్తున్నానని తెలియలేదు. సిగ్గు పడాల్సిన సంగతి ఇది.

తొమ్మిది రోజులు

వెంటనే పోయి చెప్పానని రాయాలని ఉంది. పోలేదు. తొమ్మిది రోజులు నోరు మూసుకుని ఉన్నాను. ఆఫీసరుకు చెబితే సర్కారు బండ్లు మా దగ్గరికి రావు, ఉస్తాద్ నోట్లో మన్ను కొట్టినట్టవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అదంతా సాకు. నా పేరు పోతుందని నా భయం. పదో రోజు ఉస్తాదే అన్నాడు, "నా ఫికర్ నువ్వు చెయ్యకు. పోతెనేమో ఇయ్యాల పో. లేకుంటె ఇంకెన్నడు పోవు."

దవాఖానలో దేవదానం కాలికి పట్టీ వేసి పడుకోబెట్టారు. వాళ్ళ నాయిన మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడడం చూసి నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. "కూసో పెద్దయ్యా" అని నేనూ కింద కూర్చున్నాను. చెప్పాను. కొలత నాది, తప్పు నాది, కాలిది కాదు, బూటుతో కొలవలేదు అని. దేవదానం కప్పు వైపు చూస్తూ విన్నాడు. ఆ పెద్దాయన మాత్రం ఒక్క మాట అన్నాడు.

"దాని మందం అడిగితె నేనే చెప్దును గదయ్యా. కుట్టింది నేనే గద."

అక్కణ్ణుంచి నేరుగా హెల్త్ ఆఫీసరు దగ్గరికి పోయాను. ఆయన కఠినమైన మనిషి, కాని అబద్ధం మనిషి కాదు. మొత్తం విన్నాడు.

"ఇన్ని రోజులేం చేసినవ్?"

"భయపడ్డ సాబ్."

"నీ భయానికి వాని నౌకరి పోతుండె."

"అవును సాబ్. ఇంకొక్కసారి ఆయనకు మౌకా ఇయ్యున్రి. చక్రం తప్పు, మనిషి తప్పు కాదు."

 ఆఫీసరు, పట్టీ విప్పాక చూద్దామన్నాడు. బండి ఎక్కడ చేయించుకుంటాడో ఆ ఇన్‌స్పెక్టరు ఇష్టమన్నాడు. ఆ ఏడాది ఆ ఆఫీసు నుంచి ఇంకే బండీ మా షాపుకు రాలేదు. ఉస్తాద్ దాని గురించి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మీకు జీతమిచ్చేవాళ్ళలో అట్లాంటి మనిషి దొరికితే విడిచిపెట్టకండి.

రెండో కొలత

నాలుగు నెలలకు దేవదానం కర్ర పట్టుకుని మా షాపుకే వచ్చాడు. ఊళ్ళో ఇంకో రెండు షాపులున్నాయి, అక్కడికి పోలేదు. గడప దగ్గర ఆగి, వంగి, బూటు తాడు విప్పబోయాడు.

"ఇడవకున్రి. గట్లనే లోపటికి రాన్రి" అన్నాను.

వంగినవాడు అట్లాగే ఉండిపోయాడు. తరవాత లేచి నన్ను చూశాడు. బూట్లతో లోపలికి వచ్చాడు, నాలుగడుగులే, నిదానంగా. ఎక్కి కూర్చున్నాక తనే నవ్వాడు. "కుడికాలు జర పొట్టిగ అతికిందన్నా. రెండు ఒక దగ్గరికొస్తున్నయ్. ఇంకోసారి పడితె సమానమైతయ్." నాకు నవ్వు రాలేదు.

ఈసారి బూట్లతో కొలిచాను. క్యారియరు మీద ఆయన సామాను అంతా కట్టించి, ఆ బరువుకు బండి ఎంత దిగుతుందో చూసి కొలిచాను. బయటికి తీసుకుపోయి, గుట్ట కింద రాళ్ళలో నిలబెట్టి, రెండు పక్కలకూ ఒరిగించి కొలిచాను. ముందు పంతొమ్మిది, వెనక పద్దెనిమిది, సన్నపు టైరు. సీటుకు పాత స్ప్రింగులే. మీరు అడిగే అంకెలు ఇవే, రాసుకోండి. ఇవి దేవదానం అంకెలు, మీ దగ్గరికి వచ్చేవాడివి కావు.

ఆఫీసరు ఆయనను పానగల్లు దిక్కున్న ఒక రాళ్ళ గడ్డకు రమ్మన్నాడు. నేనూ పోయాను. ఎక్కు మధ్యలో ఆపమన్నాడు. ఆపాడు. బండి ఎడమ పక్కకు ఒరిగింది, బూటు నేలకు ఆనింది, నిలబడింది. మళ్ళీ కదిలి పైదాకా పోయాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆఫీసరు ఇటు చూడకుండానే, "రేపటి నుంచి దౌరా మీద పో" అని కాగితం మీద సంతకం పెట్టాడు.

దేవదానం ఆ బండి మీద ఎన్నో ఏళ్ళు తిరిగాడు. టీకా అందని ఆ తండాకు మొదటి వారంలోనే పోయి వచ్చానని తనే చెప్పాడు. ఏడాదికి రెండు మూడు సార్లు బెండు తీయించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవాడు. నేను పని చేస్తుంటే పక్కనే బల్ల మీద కూర్చుని చాయ్ తాగేవాడు. మాకు మంచి స్నేహం కుదిరింది. అట్లా ఒకసారి వచ్చినప్పుడు, చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న మాట అడిగాను.

"ఆ మొదటి రోజు మీరన్న చెప్పకపోతిరి? బూటుతోనే తొక్కుత, బూటుతోనే కొలువు అంటె అయిపోతుండె గద."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. కోపం లేదు. నేను అట్లా అడిగినందుకు ఆశ్చర్యపోయాడు, అంతే.

"చెప్పిన గదన్నా."

"ఎప్పుడు?"

"బండి మీద కూసున్నంక. బూటేసుకొని కూసుందునా అన్నా, అని అడిగిన. నువ్వు కట్టె పట్టుకొని కిందికి చూస్తున్నవ్. ఇనలేదేమోనని ఇంకోసారి అడిగిన. అక్కర్లే, కదలకు అన్నవ్."

ఇది జరిగి ఇన్నేళ్ళయింది. ఆ గది గుర్తుంది, సుద్ద గీత గుర్తుంది, పాదం కింద సందు గుర్తుంది, వెనక మగ్గం చప్పుడు కూడా గుర్తుంది. ఆయన రెండుసార్లు అడిగిన ఆ మాట మాత్రం గుర్తు రావడం లేదు. ఎంత ఆలోచించినా రావడం లేదు.